కొంగ బొమ్మ సైకిలు

మా నాన్న సైకిలు షాపులో దూలానికి రెండు ఇనుప కొక్కేలు ఉండేవి. వాటికి ఒక నల్ల సైకిలు చక్రాలు పైకి, సీటు కిందికి వేలాడుతూ ఉండేది. 1978లో, నాకు పన్నెండేళ్లప్పుడు అది అక్కడికి ఎక్కింది. 1998లో షాపు మూసేసిన రోజు దాకా అక్కడే ఉంది. దాని పళ్లచక్రం మధ్యలో ఇనుమును కత్తిరించి చేసిన మూడు కొంగ తలలుండేవి. హ్యాండిలు కింద ముందువైపు ఉన్న రేకు బిళ్ల మీద కూడా కొంగ తలే. అది ర్యాలీ కంపెనీ గుర్తు అని తెలియని వయసులో మేమంతా దాన్ని కొంగ సైకిలు అనేవాళ్లం.

మాది తెనాలి దగ్గర కాలువ పక్కన ఊరు. బస్సులాగే వేపచెట్టుకు ఎదురుగా మా షాపు. పదకొండు అద్దె సైకిళ్లు ఉండేవి. వాటిలో మూడు పిల్లలవి. వెనక మడ్గార్డు మీద తెల్లరంగుతో నంబరు, నోటుబుక్కులో పేరు, టైము. గంటకు పావలా. టైము చూసి రాయడం నా పని. సాయంత్రం బడి వదిలాక పిల్లలు వచ్చి పావలా చేతిలో పెట్టి "ఆరో నంబరు ఇవ్వు" అని పోట్లాడుకునేవాళ్లు. ఆరో నంబరు బెల్లు బాగా మోగేది, అందుకు.

నేను సైకిలు నేర్చుకున్నది కూడా ఆ షాపు ముందు రోడ్డు మీదే. పెద్ద సైకిలుకు బారు కిందుగా, ఫ్రేము మధ్యలోంచి కుడికాలు అవతలికి దూర్చి, ఒళ్లంతా ఒక పక్కకు వంచి అడ్డతొక్కుడు తొక్కేవాడిని. తర్వాత బారు మీద, చివరికి సీటు మీద. సీటెక్కిన రోజున కాళ్లు పెడళ్లకు పూర్తిగా అందలేదు. పెడలు పైకొచ్చినప్పుడు ఒక తోపు, అంతే. ఆ రోజు కాలువ గట్టు మీద లాకుల దాకా పోయి వచ్చాను. నాన్న ఏమీ అనలేదు. నా సీటును ఒక అంగుళం దించి పెట్టాడు.

షాపులో ఒక పద్ధతి ఉండేది. రిపేరుకు వచ్చిన ప్రతి సైకిలు హ్యాండిలుకు ఒక అట్టముక్క కట్టేవాడు నాన్న. దాని మీద ఎవరిది, ఏం చెయ్యాలి, ఎంత ముట్టింది అని ఊదా రంగు రాత పడే కాపీయింగు పెన్సిలుతో రాసేవాడు. పని అయిపోయి సైకిలు సొంతదారు చేతికి వెళ్లాక ఆ చీటీని గోడకు వేలాడే తీగకు గుచ్చేవాడు. పని పూర్తికాకుండా చీటీ తీగ ఎక్కేది కాదు. సంక్రాంతికి ముందు తీగ నిండా చీటీలుండేవి. అప్పుడు వాటిని తీసి, కట్ట కట్టి, పొయ్యిలో పెట్టమని అమ్మకిచ్చేవాడు. ఓవరాయిలింగులన్నీ పండక్కి ముందే వచ్చేవి. సైకిలు మొత్తం విప్పి, గోళీలు కిరసనాయిల్లో కడిగి, కప్పుల్లో కొత్త గ్రీజు పెట్టి, చక్రాల బెండు తీసి, మళ్లీ బిగించడం. ఒక్కో సైకిలుకు ఒక పూట పట్టేది.

డాక్టరుగారి సైకిలు వచ్చింది ఒక వర్షాకాలంలో. ఆయన మా పక్క ఊళ్లో ప్రాక్టీసు చేసేవారు. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ అదే సైకిలు మీద తిరిగేవారు. అర్ధరాత్రి కాలువ గట్టు మీద డైనమో లైటు ఊగుతూ వస్తుంటే, ఎవరింట్లోనో కాన్పు వచ్చిందనుకునేవాళ్లం. వెనక క్యారేజీ మీద తోలు పెట్టె, దానికి రెండు బకిల్స్. ఆ సైకిలు నడుస్తుంటే వెనక చక్రంలోంచి టిక్ టిక్ టిక్ అని సన్నటి చప్పుడు వచ్చేది. మామూలు సైకిళ్లకు తొక్కడం ఆపినప్పుడు ఫ్రీవీలు చప్పుడు చేస్తుంది. ఈ సైకిలు తొక్కుతున్నప్పుడు కూడా చేసేది. హ్యాండిలుకు ఒక చిన్న మీట, దాన్నుంచి వెనక చక్రం ఇరుసులోకి పోయే సన్నటి గొలుసు. మూడు గేర్లు. మా ఊళ్లో గేరున్న సైకిలు అదొక్కటే.

"మేస్త్రీ, గేరు జారుతోందయ్యా. వంతెన ఎక్కేటప్పుడు కాలు గాల్లోకి పోతోంది. నిన్న పడబోయాను" అన్నారాయన.

"ఉంచండి డాక్టరుగారూ, చూస్తాను" అన్నాడు నాన్న.

డాక్టరుగారు జేబులోంచి అయిదు రూపాయల నోటు తీసి ఇచ్చారు. నాన్న వద్దన్నాడు. ముందు పని కానివ్వండి అన్నాడు. ఆయన వినలేదు. నాన్న చీటీ రాసి కట్టాడు.

ఆ వెనక చక్రం హబ్బును, అంటే ఇరుసు చుట్టూ ఉండి లోపల గేర్లున్న గుండ్రటి భాగాన్ని, నాన్న పది రోజులు చూశాడు. పూర్తిగా విప్పే పనిముట్టు ఆయన దగ్గర లేదు. ఎడమవైపు గోళీలను పట్టి ఉంచే కోను తీసి, లోపల ఏదో సన్నటి తీగ విరిగిన చప్పుడు వస్తోందని చెవి పెట్టి విన్నాడు. స్ప్రింగు పోయిందని తేల్చాడు. మద్రాసు వెళ్లే లారీ డ్రైవరుతో చెప్పి పంపాడు. అతను రెండుసార్లు స్ప్రింగులు తెచ్చాడు. రెండుసార్లూ వేరేవి. ఈలోగా డాక్టరుగారు లూనా మోపెడ్ కొన్నారు. లూనా మీద షాపు ముందు నుంచి వెళ్తూ "ఏం మేస్త్రీ, దొరికిందా?" అని అడిగేవారు. "ఇంకా లేదండీ" అని నాన్న లేచి నిలబడి చెప్పేవాడు. కొన్నాళ్లకు ఆయన అడగడం మానేశారు. తర్వాత కుటుంబంతో ఊరు వదిలి వెళ్లిపోయారు. అప్పటికే సైకిలు కొక్కేలకు ఎక్కేసింది.

దాన్ని అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు. ఒకాయన సీటు ఒక్కటే ఇమ్మన్నాడు. అది బ్రూక్స్ తోలు సీటు, కింద స్ప్రింగులతో. ఇంకొకాయన డైనమో అడిగాడు. పొగాకు వ్యాపారం చేసే ఒకాయన మొత్తం సైకిలుకు మూడు వందలు ఇస్తానన్నాడు. ఆ రోజుల్లో ఆ డబ్బు మాకు అవసరం కూడా. నాన్న ఎవరికీ ఒక్క నట్టు కూడా ఇవ్వలేదు. "డబ్బు పుచ్చుకున్నాను. పని చెయ్యలేదు. అది నాది కాదు" అనేవాడు. ఏడాదికోసారి, భోగికి రెండు రోజుల ముందు, దాన్ని కిందికి దించేవాడు. దుమ్ము దులిపి, పాత బనీను గుడ్డతో కొబ్బరినూనె పట్టించి, సీటుకు ఆముదం రాసి, చక్రాలు రెండు చుట్లు తిప్పి మళ్లీ ఎక్కించేవాడు. ఆముదం రాసే పని నాకిచ్చేవాడు. తోలు మీద ఆముదం ఇంకిపోయే దాకా బొటనవేలితో రుద్దాలి. ఆ వాసన ఇప్పటికీ నాకు భోగి వాసనే.

తొంభైల్లో అద్దె సైకిళ్లు అడిగేవాళ్లు తగ్గిపోయారు. పిల్లలకు ఇళ్లలోనే సైకిళ్లు కొన్నారు, పెద్దవాళ్లకు మోపెడ్లు వచ్చాయి. నాన్న పంచర్లతో నెట్టుకొచ్చాడు. నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చి స్థిరపడ్డాక షాపు మూశాడు. పదకొండు సైకిళ్లనూ పాత ఇనుము కింద అమ్మేశాడు. కొంగ సైకిలును మాత్రం ఇంటికి నడిపించుకుంటూ తెచ్చి గొడ్ల పాకలో గోనెపట్టా కప్పి పెట్టాడు. 2009లో నాన్న పోయాడు. ఆ ఏడు కూడా భోగికి ముందు దానికి ఆముదం రాశాడని అమ్మ చెప్పింది. తర్వాత ఏడేళ్లు దాన్ని ఎవరం ముట్టుకోలేదు. ఆ ఏడేళ్లు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పాత సైకిళ్ల మీదికి నేను మళ్లింది 2012లో. ఏదో పనుండి ఒక గురువారం హైదరాబాదు జుమ్మేరాత్ బజారుకు వెళ్లాను. పాత సామాన్ల గుట్టలో, కుట్టుమిషను కాళ్ల పక్కన, ఒక హెర్క్యులస్ సైకిలు ఫ్రేము కనిపించింది. రంగు ఊడిపోయింది, చక్రాలు లేవు. కానీ ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు తిప్పి చూస్తే చేతికి తెలిసింది, అది నిటారుగానే ఉంది. ఆరు వందలు పెట్టి కొన్నాను. అపార్టుమెంటు బాల్కనీలో పాత చీర పరిచి విప్పడం మొదలుపెట్టాను. ముప్పై ఏళ్లుగా పానా పట్టని చేతులు. కానీ పెడలు ఉండే క్రాంకు కడ్డీని ఇరుసుకు బిగించే కాటరు పిన్ను తీసేటప్పుడు క్రాంకు కింద చెక్క దిమ్మ ఆనించాలని, నట్టును పూర్తిగా తీయకుండా మర చివర దాకా ఉంచి, దాని మీద సుత్తితో ఒకే గట్టి దెబ్బ కొట్టాలని చేతులకు గుర్తుంది. పిన్ను దిగింది. చాలాసేపు అలా కూర్చుండిపోయాను.

అప్పటి నుంచి ఆదివారాలు ఎర్రగడ్డ సంత, గురువారాలు వీలుంటే జుమ్మేరాత్ బజారు. నాలాంటివాళ్లు ఇంకో నలుగురు పరిచయమయ్యారు. రైల్వేలో రిటైరైన ఒకాయన, ఒక లెక్చరరు, ఇద్దరు కుర్రాళ్లు. తెల్లవారుజామున అయిదున్నరకు ట్యాంక్‌బండ్ మీద కలిసేవాళ్లం. రాడ్డు బ్రేకుల సైకిళ్లు అయిదు వరుసగా వెళ్తుంటే వాకింగుకు వచ్చిన పెద్దవాళ్లు ఆపి మరీ మాట్లాడేవారు. ప్రతివాళ్లకూ ఒక సైకిలు కథ ఉంటుంది. లైటు లేదని పోలీసు ట్యూబులో గాలి తీసేయడం, పంచాయతీకి పన్ను కట్టి తెచ్చుకున్న రేకు బిళ్ల, కట్నంలో ఇస్తానన్న సైకిలు ఇవ్వకపోవడం. ఒకాయన నా హెర్క్యులస్ సీటు మీద అరచెయ్యి ఆనించి మాట్లాడటం ఆపేశాడు. నేనూ ఏమీ అడగలేదు.

మన దేశంలో సైకిళ్లు తయారుకావడం పెద్ద ఎత్తున మొదలైంది స్వాతంత్ర్యం వచ్చాకే. మద్రాసు దగ్గర అంబత్తూరులో హెర్క్యులస్, సోనేపట్‌లో అట్లాస్, ఆసన్‌సోల్‌లో సేన్ ర్యాలీ, అన్నీ 1950ల తొలి ఏళ్లలోనే. 1956లో లూథియానాలో హీరో వచ్చింది. అంతకు ముందు మంచి సైకిలంటే ఇంగ్లండు నుంచి ఓడలో రావాల్సిందే. ఆ పాత మోడలు పెద్ద సైకిలు, 28 అంగుళాల చక్రం, రాడ్డు బ్రేకు, ఇంగ్లండులో ఎప్పుడో ఆగిపోయింది కానీ మన దగ్గర ఆగలేదు. అందుకే ఇరవై ఎనిమిది ఒకటిన్నర టైరు మన తాలూకా కేంద్రాల్లో ఏ షాపులో అడిగినా ఇస్తారు. ఈ విషయంలో మనం అదృష్టవంతులం. అట్లాస్ వాళ్ల చివరి ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. అది ప్రపంచ సైకిలు దినోత్సవం. ఆ వార్త చదివిన రోజు రాత్రి నేను అన్నం సరిగా తినలేకపోయాను.

2016లో పాక కూలిపోయేలా ఉందని, లోపల సామాను తీసేయాలని అమ్మ ఫోను చేసింది. వెళ్లాను. గోనెపట్టా తీస్తే కొంగ సైకిలు అలాగే ఉంది. రెండు టైర్లూ బిగుసుకుపోయి పెంకుల్లా విరిగాయి. ముందు మడ్గార్డు అంచు తుప్పుకు చిల్లులు పడింది. సీటు తోలు ఎండిపోయి, ముక్కు దగ్గర చీలిక వచ్చింది. హ్యాండిలుకు చీటీ ఉంది. పురికొస మారింది, బహుశా నాన్న ఎన్నోసార్లు మార్చి ఉంటాడు, కానీ అట్టముక్క అదే. ఊదా రంగు అక్షరాలు పలచబడ్డాయి గానీ చదవొచ్చు. "డాక్టరుగారు. గేరు జారుచున్నది. స్ప్రింగు రావలెను. అడ్వాన్సు 5 రూ. ముట్టినది."

దాన్ని హైదరాబాదు తీసుకొచ్చాక నెల రోజులు పానా పెట్టలేదు. ముందు చూశాను. ఒక పాత సైకిలును బాగుచేసేవాడు చెయ్యాల్సిన మొదటి పని అదేనని నా నమ్మకం. దేన్ని ముట్టుకోకూడదో ముందు తేల్చుకోవాలి. తెలిసిన రంగు షాపు కుర్రాడు చూసి "సార్, మొత్తం గీకేసి పౌడర్ కోటింగ్ వేస్తే షోరూము బండిలా అవుతుంది" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఆ నల్లరంగు కింద ఏముందో నాకు కనిపిస్తోంది. బారు మీద కుడివైపు ఒకచోట రంగు అరిగి ఇనుము తేలింది. అది డాక్టరుగారి మోకాలు రాసుకున్న చోటు. క్యారేజీ మీద రెండు గీతలు, తోలు పెట్టె బకిల్స్ ఒరిపిడి. కుడి పెడలు లోపలి అంచు ఎక్కువ అరిగింది. ఫోర్కు మీద బంగారు రంగు సన్న గీత సగం దాకా బతికే ఉంది. ఇవన్నీ గీకేస్తే మిగిలేది ఎవరి సైకిలు? కిరసనాయిలు, మెత్తటి గుడ్డ, ఓపిక. రంగుకు అంతే చేశాను. ఇత్తడి బెల్లుకు చింతపండు.

సీటు చీలికకు లోపలివైపు నుంచి పలచటి తోలుముక్క అతికించి, నెల రోజులపాటు వారానికోసారి ఆముదం పట్టించాను. ముక్కు కింద నట్టును ఒక్క పావు చుట్టు బిగించాను. ఎక్కువ బిగిస్తే ఎండిన తోలు చిరిగిపోతుంది.

హ్యాండిలు కింద గోళీలు తిరిగే కప్పు గుంటలు పడింది. మార్చక తప్పలేదు. షాపులో కొత్త కప్పు తెచ్చి తిప్పితే ఒకటిన్నర చుట్టు ఎక్కి ఆగిపోయింది. షాపతను పెద్ద పానా అందుకుంటుంటే ఆపాను. నాటింగ్‌హామ్‌లో చేసిన ర్యాలీ సైకిళ్ల మర వేరు. మామూలు సైకిళ్లకు అంగుళానికి 24 చుట్లుంటే వీటికి 26. బలవంతంగా బిగిస్తే ఫ్రేములో మర శాశ్వతంగా పోతుంది. సరైన కప్పు కోసం ఎనిమిది నెలలు ఆగాను. కోల్‌కతాలో బెంటింక్ స్ట్రీట్ సైకిలు షాపుల్లో వెతికి ఒక మిత్రుడు పంపాడు.

ఇక ఆ హబ్బు. దాన్ని తుడవగానే గుండ్రటి ఇనుము మీద అక్షరాలు బయటపడ్డాయి. స్టర్మీ ఆర్చర్ అని కంపెనీ పేరు, ఏడబ్ల్యూ అని మోడలు పేరు, దాని పక్కన 52, ఇంకాస్త పక్కన 6. ఆ కంపెనీ తన హబ్బుల మీద తయారైన సంవత్సరం, నెల కొట్టేది. 1952 జూన్. మా నాన్న దాన్ని పది రోజులు చూశాడు కానీ ఈ అంకెల అర్థం ఆయనకు చెప్పేవాళ్లు లేరు.

కుడివైపు ఉండే గోళీల రింగును విప్పితేనే లోపలి యంత్రం బయటికొస్తుంది. దానికి రెండు మరలు జంటగా ఉంటాయి. ఏ మరలో ఉన్నది ఆ మరలోకే మళ్లీ ఎక్కాలి, లేకపోతే చక్రం సొట్టగా తిరుగుతుంది. అందుకని విప్పకముందే రింగు మీద, పక్క చువ్వ దగ్గర హబ్బు మీద గుర్తు పెట్టుకున్నాను. మొండి ఉలి ఆనించి సుత్తితో కొడితే మూడో దెబ్బకు కదిలింది. యంత్రం మొత్తం ఒక్క ముద్దగా చేతిలోకొచ్చింది.

లోపలంతా గ్రీజు. గట్టిపడి, తేనెపట్టు మైనంలా పచ్చగా. ఈ హబ్బుకు గ్రీజు పెట్టకూడదు. పలచటి నూనె చుక్కలు మాత్రమే పొయ్యాలి, అందుకే పైన చిన్న మూత ఉంటుంది. మధ్యలో ఇరుసుకు అతుక్కుని ఒక పళ్లచక్రం, దాని చుట్టూ తిరిగే నాలుగు చిన్న పళ్లచక్రాలు, వాటి బయట ఇంకో పెద్ద పళ్ల వలయం. మొదటి గేరులో చక్రం మామూలు వేగంలో ముప్పావు వంతే తిరుగుతుంది, వంతెన ఎక్కడానికి. రెండో గేరులో మామూలు వేగమే. మూడో గేరులో మూడింట ఒక వంతు ఎక్కువ. పట్టు ఇచ్చేవి చిన్న నాలుకలు. ఆ నాలుకలను పైకి నెట్టేవి వెంట్రుకంత స్ప్రింగులు. వాటిలో ఒకటి విరిగింది. రెండోది బాగానే ఉంది గానీ గ్రీజులో ఇరుక్కుని నాలుక లేవడం లేదు.

ఆ గ్రీజు నాన్న పెట్టిందే. తనకు తెలిసిన హబ్బులన్నిటికీ గ్రీజే మందు. తీయగలిగినంత తీసి, వేలు పట్టినంత లోపలికి, మంచి జరుగుతుందని పూశాడు. విరిగిన స్ప్రింగు సంగతి మాత్రం చెవితో విని సరిగ్గా చెప్పాడు. హబ్బు లోపలి గోడ మీద, గట్టిపడ్డ గ్రీజులో ఒక వేలి గీత స్పష్టంగా ఉంది. కిరసనాయిలు గిన్నె పక్కనే ఉంది. గుడ్డ చేతిలో ఉంది. ఆ రోజు కడగలేకపోయాను. మర్నాడు తెల్లవారి లేచి కడిగాను.

స్టర్మీ ఆర్చర్ 2000లో తైవాన్ వాళ్ల చేతికి వెళ్లింది. అయినా ఏడబ్ల్యూ హబ్బు స్ప్రింగులు ఇప్పటికీ దొరుకుతాయి. ఇంగ్లండులో ఉంటున్న మా అక్క కూతురికి చెప్తే ఒక కవరులో పెట్టి నాలుగు పంపింది. "మావయ్యా, కవరు ఖాళీగా ఉందనుకుంటావేమో, మూల చూడు" అని మెసేజి పెట్టింది. జీలకర్ర గింజంత ఉన్నాయి. నాన్న మద్రాసు లారీల కోసం ఎదురుచూసింది వీటి కోసమే.

బిగించాను. రెండు చుక్కలు కాదు, మొదటిసారి కాబట్టి ఒక చెంచా నూనె పోశాను. సన్నటి గొలుసును సరిచేసి, మీట రెండో గేరులో పెట్టి, చక్రం ఎత్తి పెడలు తిప్పాను. టిక్ టిక్ టిక్. మూడో గేరులోనూ అదే టిక్ టిక్. మొదటి గేరులో పెడితే నిశ్శబ్దం. ఈ హబ్బు తీరే అంత. అమ్మ అప్పుడు మా దగ్గరే ఉంది. వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "డాక్టరుగారొచ్చారా?" అంది. వెంటనే తనే తల అడ్డంగా ఊపుకుని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

డాక్టరుగారి కుటుంబం కోసం వెతకడానికి ఏడాదిపైనే పట్టింది. ఆయన దగ్గర పనిచేసిన కాంపౌండరు కొడుకు తెనాలిలో మందుల షాపు పెట్టుకున్నాడని తెలిసి వెళ్లాను. డాక్టరుగారు 1994లోనే పోయారని, కూతురు గుంటూరులో ఉంటున్నారని అతను చెప్పి నంబరిచ్చాడు. ఫోనులో నేను ఎవరినో చెప్పుకుంటూ, మా ఊరు పేరు, నాన్న షాపు, సైకిలు అనగానే ఆవిడ మధ్యలోనే అన్నారు: "కొంగ సైకిలా?"

సైకిలును కారు మీద పెట్టి తీసుకెళ్లొచ్చు. నాకు ఇష్టం లేకపోయింది. 2019 జనవరిలో, భోగికి రెండు రోజుల ముందు, మా ఊరి నుంచి తొక్కుకుంటూ బయల్దేరాను. తెల్లవారుజామున మంచు. కాలువలో నీళ్లు కనపడటం లేదు, పైన పొగలాగా ఉంది. డైనమోను టైరుకు ఆనించాను. ఆనించగానే పెడలు కాస్త బరువెక్కుతుంది, లైటు మన కాళ్లలోంచే వస్తోందని తెలుస్తుంది. వంతెన దగ్గర మొదటి గేరులో వేశాను. కాలు గాల్లోకి పోలేదు. తెనాలి దాటి నందివెలుగు మీదుగా, కోసిన వరి మళ్లలో మినుము పచ్చగా, దారి పొడవునా ఆ టిక్ టిక్. పాతిక కిలోమీటర్ల పైన ఉంటుంది గుంటూరు. దారిలో ఒక టీ కొట్టు దగ్గర ఆగితే ఒక ముసలాయన సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి, సీటు కిందికి వంగి చూసి, "ఇంగ్లీషుది" అన్నాడు. నా టీ డబ్బులు ఆయనే ఇచ్చాడు.

ఆవిడ గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. డెబ్బై ఏళ్లు దాటాయి. లెక్చరరుగా రిటైరయ్యారట. సైకిలును చూసి ముందుకు రాలేదు. నేను స్టాండు వేసి పక్కకు తప్పుకున్నాక మెల్లగా వచ్చి, బారు మీద ఆ అరిగిన చోట వేలు పెట్టారు.

"ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు కొన్నారు నాన్నగారు. మద్రాసులో. రైల్లో వేసుకొచ్చారు" అన్నారు. 1953. హబ్బు మీది అంకెలకు సరిపోయింది. "దీని మీదే అడ్డతొక్కుడు నేర్చుకున్నాను బాబూ. ఆడపిల్లకు సైకిలేంటని మా నాయనమ్మ కేకలేస్తే, నాన్నగారు వెనకాల సీటు పట్టుకుని పరిగెత్తేవారు."

లోపల కాఫీ ఇస్తూ ఇంకో మాట చెప్పారు. డాక్టరుగారు చివరి రోజుల్లో కూడా ఈ సైకిలు గురించి అడిగేవారట. తెచ్చుకుందాం నాన్నా అంటే, "ఎందుకమ్మా, మేస్త్రీ దగ్గర ఉంది, ఫర్వాలేదు" అనేవారట. నేను అప్పుడు చీటీ సంగతి చెప్పాను. కొక్కేలు, ఆముదం, లారీ డ్రైవరు, అన్నీ చెప్పాను. ఆవిడ లేచి వెళ్లి చాలాసేపు రాలేదు.

ఆ సైకిలు నువ్వే ఉంచుకో అని ఆవిడ రెండుసార్లు అన్నారు. నేను ఒప్పుకోలేదు. మూడోసారి అనలేదు. ఇంటర్ చదివే మనవణ్ని పిలిచి, నూనె ఎక్కడ పొయ్యాలో, మీట మార్చేటప్పుడు తొక్కడం ఎలా ఆపాలో, గ్రీజు ఎందుకు పెట్టకూడదో నాతో చెప్పించారు. వాడు శ్రద్ధగా విన్నాడు. వీధి చివర దాకా వెళ్లొచ్చాడు. ఆ చప్పుడు వస్తుంటే ఆవిడ కళ్లు మూసుకుని కూర్చున్నారు.

నేను లేచేటప్పుడు ఆవిడే హ్యాండిలు దగ్గరికి వెళ్లి పురికొస ముడి విప్పారు. చీటీ చదివి నా చేతిలో పెట్టారు.

"పని అయిపోయిందిగా" అన్నారు.

బస్సులో తెనాలి వచ్చి, అక్కణ్నుంచి ఇంటికి వెళ్లాను. నాన్న షాపు తీగ అమ్మ దగ్గర వంటింటి గోడకు ఉంది. కరెంటు బిల్లులు గుచ్చుతుంది. వాటిని తీసి పక్కన పెట్టి, చీటీని తీగకు గుచ్చాను.